కమాండర్ మానేశాడా? కంగారొద్దు!

(దమ్మాయిగూడలో సైన్స్ ఫిక్షన్ సీరియల్ తీయబోయే నిర్మాతలకు తొమ్మిది చిట్కాలు)

అంతరిక్ష సీరియల్ తీయడానికి హైదరాబాద్ శివారులోని దమ్మాయిగూడను మించిన చోటు లేదు. వ్యోమనౌక సెట్టుకు చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో షెడ్డు చూసుకోవచ్చు. కంట్రోల్ ప్యానెల్‌కు కావలసిన బల్బులూ వైర్లూ స్విచ్చులూ ఈసీఐఎల్ చౌరస్తాలో ఒక్క సాయంత్రంలో కొనుక్కోవచ్చు. పరాయి గ్రహం కావాలంటే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు గుట్ట పక్కనే ఉంది. గాలి ఇటు తిరిగిందంటే దర్శకుడు చెప్పకముందే నటులు ఆక్సిజన్ మాస్కులు తగిలించుకుంటారు. చరిత్ర కూడా మనవైపే ఉంది. 1967లో పెట్టిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఒకప్పుడు దేశానికి ఈసీ టీవీలు తయారుచేసి ఇచ్చింది, తర్వాత చంద్రయాన్-1 సంకేతాలు అందుకోవడానికి బెంగళూరు దగ్గర 32 మీటర్ల యాంటెన్నా నిలబెట్టింది. అటు టీవీ, ఇటు చంద్రుడు, రెండూ మన బస్టాపు మీదుగానే పోయాయన్నమాట. ఇంకాస్త ముందుకు, నాచారం దాకా పోతే ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియో.

లేనిదల్లా ఒక్కటే, చివరి ఎపిసోడ్ దాకా ఉండే నటుడు. ఒకరికి సినిమా ఛాన్సు వస్తుంది, ఒకరికి పెళ్లి కుదురుతుంది, ఒకరికి పక్క ఛానెల్ రోజుకు వెయ్యి ఎక్కువిస్తానంటుంది, ఒకరికి మీరు ఆర్నెల్ల నుంచి పేమెంటు ఇవ్వకపోవడం గుర్తొస్తుంది. కారణం ఏదైనా, సోమవారం ఉదయం ఏడింటికి మేకప్‌మన్ ఒక్కడే కూర్చుని ఉంటాడు. అప్పుడేం చేయాలో కింద చెప్పాను. అన్నీ పెద్దపెద్దవాళ్ల అనుభవాల నుంచి నేను సొంతంగా పిండిన సారం.

1. అసలు ముఖమే చూపించకండి

‘కల్కి 2898 ఏడీ’ (2024) చూశారుగా. అందులో శ్రీకృష్ణుడి ముఖం ఎక్కడా కనపడదు. ఆ వేషం వేసింది కృష్ణకుమార్ అనే నటుడని సినిమా చూసి బయటికొచ్చాక తెలిసింది చాలామందికి. దేవుణ్ణి ఒక మనిషి ముఖానికి కట్టిపడేయకూడదని అలా చేసి ఉంటారు. మనకు అంత లోతు అక్కర్లేదు. మొదటి రోజు నుంచే అందరికీ హెల్మెట్లు పెట్టేయండి, కమాండర్‌కీ, కమాండర్ భార్యకీ, కమాండర్ అత్తకీ. ఎవరు మానేసినా రెండో రోజు ఆ హెల్మెట్టు ప్రొడక్షన్ బాయ్ తల మీద ఉంటుంది.

దీనివల్ల ఎవరు మాట్లాడుతున్నారో తెలియడం లేదని కొందరు ఫిర్యాదు చేస్తారు. ఛాతీ మీద ‘కమాండర్’, ‘కమాండర్ అత్త’ అని స్టిక్కర్లు అంటించండి. కన్నీళ్ల సీన్లలో అద్దానికి లోపలి నుంచి ఆవిరి పడుతుంది, అది చాలు.

2. నటుడంటే చొక్కా, మార్చేయండి

‘అమృతం’ సీరియల్ జెమినీ టీవీలో 2001 నుంచి 2007 దాకా వచ్చింది. గుణ్ణం గంగరాజు తీసిన ఆ సీరియల్లో అమృతం పాత్ర మొదట శివాజీ రాజాది, తర్వాత నరేశ్‌ది, ఆ తర్వాత హర్షవర్ధన్‌ది. ముగ్గురు మనుషులు, ఒక్కటే పేరు. అయినా ఈ రోజుకీ జనం ఆ పాత ఎపిసోడ్లు పెట్టుకుని నవ్వుతూనే ఉన్నారు. దీన్నిబట్టి ఏం తేలింది? ఎవరు వేసినా ఒకటేనని.

గిట్టనివాళ్లు ఒక మాట అంటారు. హీరో ఎన్నిసార్లు మారినా పక్కన అంజిగా గుండు హనుమంతరావు కదలకుండా ఉన్నాడనీ, ఆయన కొత్త అమృతాన్ని పాత అమృతంలాగే తిట్టుకుంటూ, భరిస్తూ, వెనకేసుకొస్తూ ఉండబట్టే మనమూ ఒప్పుకున్నామనీ, రాసినవాళ్ల కలం కూడా మారలేదనీ. ఇలాంటి విశ్లేషణలు పట్టించుకుంటే సీరియల్ తీయలేం.

అదే గంగరాజు 2014లో ‘చందమామలో అమృతం’ అని సినిమా తీశారు. అందులో అమృతం, అంజి హోటల్ పెట్టడానికి ఏకంగా చంద్రుడి మీదికే బయల్దేరతారు. తెలుగులో సైన్స్ ఫిక్షన్ కామెడీలే తక్కువ, అందులో ఇదొకటి. ఈసారి అమృతంగా అవసరాల శ్రీనివాస్, అంజిగా హరీశ్ వచ్చారు. ఇద్దర్నీ ఒకేసారి మార్చేశారు, సర్వం, అప్పాజీ పాత్రలకు మాత్రం పాతవాళ్లే. సీరియల్‌కు దక్కిన ఆదరణ ఆ సినిమాకు దక్కలేదు. తప్పు చంద్రుడిది.

2018లో గుండు హనుమంతరావు పోయాక, 2020లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు అంజి పాత్ర ఎల్.బి. శ్రీరామ్‌కు ఇచ్చారు. హర్షవర్ధన్ పాతవాడే, అంజి కొత్తవాడు. ఒకరు మారితే ఒకరు ఉండాలన్న చాదస్తం వాళ్లకు ఇంకా పోలేదు. మీకు అలాంటివి వద్దు. పైలట్, కమాండర్, రోబో, ముగ్గుర్నీ ఒకే శుక్రవారం మార్చండి. రోబో మాత్రం మారితే గోల చేస్తారు, జాగ్రత్త.

3. మార్చినట్టు చెప్పకండి, ప్రేక్షకుడికి తెలియదు

కొన్ని ఛానెళ్లు ‘ఇకపై ఈ పాత్రలో ఫలానావారు’ అని తెర మీద వేస్తాయి. అది పిరికితనం. మొదటి నాలుగు ఎపిసోడ్లు కొత్తామెను వెనకనుంచి చూపించండి. మన సీరియల్ హీరోయిన్లలో చాలామంది కన్నడం నుంచి వచ్చినవాళ్లే, గొంతు ఎలాగూ డబ్బింగ్ ఆర్టిస్టుదే. ముఖం మారినా గొంతు మారదు. ఇంతకన్నా సౌకర్యం ఏ దేశంలోనూ లేదు.

ఇది పారుతుందా అని పరీక్షించడానికి మా వీధిలో ఓ ఇంట్లో కూర్చుని చూశాను. ఆరున్నరకు సీరియల్ మొదలైంది. కమాండర్ భార్య మనకు వీపు పెట్టి వ్యోమనౌక వంటగదిలో నిలబడి ఉంది.

“గీమె ఆమె గాదు,” అంది అత్తమ్మ, చిక్కుడుకాయ ఈనె తీస్తూనే.

“ముఖమే చూపియ్యలే గద అత్తమ్మా, ఎట్ల గుర్తువట్టిన్రు?”

“ఆమె కొంగు తెచ్చి నడుముల చెక్కుకుంటది. గీమె వదిలేసింది. ఆమె గరిటె ఎడమచేత్తో పడ్తది. గొంతు గదే గానీ, గొంతిచ్చేటామె గూడ ఇయ్యాల మనసు పెట్టి చెప్పలే.”

ఇలాంటి అత్తమ్మలు మొత్తం మీద ఒక్కరో ఇద్దరో ఉంటారు. మిగతావాళ్లు ఫోన్ చూసుకుంటుంటారు. ధైర్యంగా ముందుకు వెళ్లండి.

4. ముఖం కాల్చేయండి

ప్లాస్టిక్ సర్జరీ మన సీరియళ్ల సొంత ఆవిష్కరణ అనుకుంటున్నారా? ‘స్టార్ ట్రెక్’వాళ్లు 1966లోనే ఆ దారి తొక్కారు. వాళ్ల మొదటి పైలట్ (అంటే నమూనా ఎపిసోడ్) ‘ది కేజ్’ను ఎన్‌బీసీ ఛానెల్ తిప్పికొట్టింది. అందులో కెప్టెన్ పైక్‌గా వేసిన జెఫ్రీ హంటర్ రెండో పైలట్‌కు రాలేదు, విలియం షాట్నర్ కొత్త కెప్టెన్‌గా వచ్చాడు. తీసిన పైలట్ అంతా మూలన పడింది. అప్పుడు ‘ది మెనాజెరీ’ అని రెండు భాగాల కథ అల్లారు. నౌక అధికారి స్పాక్ మీద సైనిక విచారణ జరుగుతుంది, పాత పైలట్ ఫుటేజీనే సాక్ష్యంగా కోర్టులో చూపిస్తారు. ఇప్పటి పైక్ ప్రమాదంలో ముఖం కాలి, మాట పోయి, చక్రాల పెట్టెలో కూర్చుని ఉంటాడు. ఆ వేషం వేసింది షాన్ కెన్నీ అనే మరో నటుడు. అవునంటే ఒక బీప్, కాదంటే రెండు బీపులు.

పాత ఫుటేజీ ఎందుకు వచ్చిందో, మనిషి ఎందుకు మారాడో, రెంటికీ కథలోనే కారణం దొరికింది. ఇదంతా తెలివి అని పుస్తకాలవాళ్లు మెచ్చుకుంటారు. మనం నేర్చుకోవాల్సింది వేరే ఉంది. బీపులకు డబ్బింగ్ ఖర్చు లేదు. కమాండర్ మానేసినా, డాక్టర్ మానేసినా అందర్నీ పెట్టెల్లో కూర్చోబెట్టండి. శుక్రవారం ఎపిసోడ్ మొత్తం బీపుల మీద నడిచిపోతుంది.

5. చంపండి, మనసు మారితే బతికించండి

2022లో ‘కార్తీకదీపం’ ఏం చేసిందో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. డాక్టర్ బాబునూ వంటలక్కనూ ప్రమాదంలో చంపేసి, పిల్లల్ని పెద్దవాళ్లను చేసి కథ ముందుకు దూకించారు. నిరుపమ్ పరిటాల, ప్రేమి విశ్వనాథ్ లేకుండా నడపొచ్చనుకున్నారు. ఏడాది తిరక్కుండా వంటలక్క మళ్లీ బతికొచ్చింది. 2023 జనవరిలో సీరియల్ ముగిసింది, 2024లో వాళ్లిద్దరితోనే రెండో కార్తీకదీపం మొదలైంది.

ప్రేక్షకులు కథ కోసం కాదు, ఆ ఇద్దరి కోసమే టీవీ పెట్టేవాళ్లని దీన్నుంచి ఎవరైనా పాఠం తీయొచ్చు. నేను తీసిన పాఠం ఇంకా పెద్దది. చావు శాశ్వతం కాదు. అది మామూలు సీరియల్ కాబట్టి బతికించడానికి తంటాలు పడ్డారు. మనది సైన్స్ ఫిక్షన్. క్లోనింగ్ ఉంది, సమాంతర విశ్వం ఉంది, టైమ్ మెషీన్ ఉంది. కమాండర్‌ను సోమవారం చంపండి, మంగళవారం వాడి మేనేజర్‌తో బేరం కుదిరితే బుధవారం బతికించండి. ఫొటోకు వేసిన దండ మాత్రం పారేయకండి, ప్లాస్టిక్ దండ అయితే మరీ మంచిది.

6. ముందుచూపు వద్దు

‘డాక్టర్ హూ’ అనే బ్రిటిష్ సీరియల్లో హీరో విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం 1966 నాటికి దెబ్బతింది. హీరో ఎలాగూ పరగ్రహవాసే కాబట్టి, అతని శరీరం అలసిపోతే కొత్త శరీరం వస్తుందని రాసేశారు. ఆయన ముఖం కరిగి ప్యాట్రిక్ ట్రౌటన్ ముఖం అయింది. ఆ ఒక్క ఆలోచన మీద సీరియల్ దశాబ్దాలు నడిచింది. ఇప్పుడు హీరో మారబోతున్నాడంటే అక్కడ పండగ, ఎవరొస్తారని పందేలు కాస్తారు.

‘బాబిలాన్ 5’ అనే అమెరికన్ సీరియల్ రాసిన జె. మైకేల్ స్ట్రాజిన్స్కీ ఇంకో అడుగు ముందుకేశాడు. ఐదేళ్ల కథ ముందే అనుకుని, ఏ నటుడు ఎప్పుడు వెళ్లిపోయినా కథ కూలిపోకుండా ప్రతి పాత్రకూ ఒక దొంగతలుపు పెట్టుకున్నాడు. మొదటి సీజన్ కాగానే కథానాయకుడే వెళ్లిపోవాల్సి వచ్చింది, తలుపు తెరుచుకుంది, బ్రూస్ బాక్స్‌లైట్నర్ వచ్చాడు, కథ సాగింది.

ఇదంతా టైం ఎక్కువున్నవాళ్ల పని. మన రైటర్‌కు రేపటి సీన్ ఈ రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో పంపడానికే ఊపిరాడదు. ఎవరు పోతారో ముందే ఆలోచిస్తే, ఎందుకు పోతారో కూడా ఆలోచించాల్సి వస్తుంది. అప్పుడు పాత పేమెంట్ల ఫైలు తీయాల్సి వస్తుంది. అవసరమా?

7. గుట్టు దాచకండి

వెళ్లిపోయిన నటుడి గురించి ఏం చెప్పాలి అన్నది చాలామందికి తెలియదు. 2025 సెప్టెంబరులో వైజయంతీ మూవీస్ ‘కల్కి’ రెండో భాగంలో దీపికా పదుకోణ్ ఉండబోవడం లేదని ప్రకటించింది. నాలుగైదు వాక్యాలు రాసి ఊరుకున్నారు. కడుపులో బిడ్డను మోసే సుమతి చుట్టూ తిరిగే కథ కదా, ఇక ఆ పాత్ర ఏమవుతుందని జనం కొట్టుకున్నారు. మనమైతే ఆ నాలుగైదు వాక్యాలను నలభై ప్రోమోలు చేసేవాళ్లం.

ఇంకా దారుణం ‘బాబిలాన్ 5’ది. మొదటి సీజన్ హీరో మైకేల్ ఓహేర్ ఎందుకు వెళ్లిపోయాడని అభిమానులు ఏళ్ల తరబడి అడిగారు. షూటింగ్ జరుగుతున్నప్పుడే ఆయనను తీవ్రమైన మానసిక వ్యాధి పట్టి పీడించింది. ఆయన కోలుకునేదాకా షూటింగ్ ఆపేస్తానన్నాడు రచయిత. ఆపితే మిగతావాళ్ల ఉద్యోగాలు పోతాయని ఓహేరే వద్దన్నాడు, సీజన్ పూర్తిచేసి వైద్యానికి వెళ్లాడు. 1996లో వచ్చిన రెండు ఎపిసోడ్లలో మళ్లీ కనిపించి తన పాత్ర కథ ముగించాడు. ఈ సంగతి నా చావుదాకా నాతోనే ఉంచుతానని రచయిత అంటే, నీ చావుదాకా అక్కర్లేదు, నా చావుదాకా చాలు, ఆ తర్వాత చెబితే ఎవరికైనా పనికొస్తుందని ఓహేర్ చెప్పాడట. 2012లో ఆయన పోయాడు. 2013లో గానీ రచయిత నోరు విప్పలేదు.

ఆయన వెళ్లిపోయాక పందొమ్మిదేళ్లు! ఆ పందొమ్మిదేళ్లలో ఎన్ని థంబ్‌నెయిళ్లు వృథా అయ్యాయో లెక్కేయండి. మన దగ్గర కమాండర్ ఆస్పత్రిలో చేరిన గంటకల్లా ‘సెట్‌లో అసలేం జరిగింది?’ అని ఎర్ర బాణం గుర్తుతో వీడియో రావాలి. మనిషి మళ్లీ మన సెట్టుకు రాడంటారా? రాకపోతే రెండో చిట్కా ఉండనే ఉంది.

8. ఎన్ని కట్‌లు చేస్తే అంత లాభం

మనిషి పోయినా ఫుటేజీ మనదే. ఒకే షాట్‌ను ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. ఎడిట్ రూమ్‌లో కూర్చుని, మానేసిన హీరోయిన్ ఉలిక్కిపడిన క్లోజప్ ఒకటి తీయండి. భర్త చనిపోయాడని తెలిసినప్పుడు అదే వేయండి, గ్రహశకలం గుద్దినప్పుడు అదే, అత్త ఉప్మా బాగుందన్నప్పుడూ అదే. ఆ షాట్ సంక్రాంతి ఎపిసోడ్‌లోది కాబట్టి చెవికి జుంకాలు, వెనక గోడ మీద భోగిపళ్ల ఫ్లెక్సీ మూల ఉంటాయి. గ్రహశకలం గుద్దినప్పుడు భోగిపళ్లు ఎవరు చూస్తారు? ఎక్కువ పొడవు కావాలంటే షాట్‌ను వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు నడపండి. కనురెప్పలు రెండు సార్లు ఒకేలా ఆర్పుతుంది, అంతే.

తిరిగి కట్ చేయడం పెద్దవాళ్లూ చేశారు. ‘బాబిలాన్ 5’ పైలట్ 1993లో వస్తే, 1998లో టీఎన్‌టీ ఛానెల్ కోసం మళ్లీ ఎడిట్ చేసి, వాడని సీన్లు చేర్చి, స్టువర్ట్ కోప్లండ్ సంగీతం తీసేసి క్రిస్టఫర్ ఫ్రాంకే సంగీతం పెట్టారు. మన రాజమౌళి ‘బాహుబలి’ రెండు భాగాలనూ కలిపి 2025 అక్టోబరులో ‘ది ఎపిక్’గా వదిలారు. ఐదు గంటలకు పైబడ్డ కథ మూడుముప్పావు గంటలకు దిగింది. అందుకోసం పాటలు కూడా కోసుకున్నారు. తను తీసిందాన్ని తానే కోసుకోవడం ఏం వ్యాపారం? మన కట్‌లో ఏదీ పోకూడదు, కొత్తది చేరాలి. టీవీ కట్, ఓటీటీ కట్, యూట్యూబ్ కట్, ఆదివారం మహాసంగమం కట్, కమాండర్ ఉన్న కట్, కమాండర్ లేని కట్. రెండు కట్‌లలో కమాండర్ రెండు రకాలుగా చస్తాడు. ఏది అసలు కథ అని అడిగితే, సమాంతర విశ్వం అనండి.

9. పాత ఎపిసోడ్లు చెరిపేయండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మారిన ముఖాలు ఎవరూ పట్టుకోకూడదంటే పాత ముఖాలు మిగలకూడదు. ఒకప్పుడు బీబీసీ ఇదే చేసింది. టేపు ఖరీదైందని, పాతవి మళ్లీ వేసే పని లేదని ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లు ఎన్నో తుడిచేసింది. హార్ట్‌నెల్ ట్రౌటన్‌గా మారిన ఆ ఎపిసోడే ఈ రోజు పూర్తిగా దొరకదు. ముఖం మారే ఆ కొద్ది క్షణాలు మాత్రం మిగిలాయి.

అయితే పని పూర్తి కాలేదు. ఇళ్లలో అభిమానులు టీవీ ముందు టేప్ రికార్డర్లు పెట్టుకుని ప్రతి ఎపిసోడ్ శబ్దం పట్టి ఉంచారు. పోయిన ఎపిసోడ్లన్నిటి మాటలూ వాళ్ల దగ్గర దొరికాయి. 2013లో ఆ శబ్దానికి యానిమేషన్ బొమ్మలు చేర్చి, పోయిన ఆ ఎపిసోడ్‌ను మళ్లీ నిలబెట్టారు. సంస్థ పారేసినదాన్ని చూసేవాళ్లు దాచుకున్నారు. ఇది ప్రేక్షకుల్లో ఉన్న పెద్ద లోపం. మీ హార్డ్ డిస్కు మీరు చెరిపేయగలరు గానీ, వాళ్ల బుర్రలు చెరపడానికి ఇంకా యంత్రం రాలేదు. మీ సీరియల్లో అలాంటి యంత్రం ఒకటి రాసుకోండి, కనీసం అక్కడైనా పనిచేస్తుంది.

సందేహాలు, సమాధానాలు

ప్రశ్న: కమాండర్ ముఖాన్ని ఏఐతో తయారుచేసి, మనిషి లేకుండా నడిపించవచ్చా?

జవాబు: నిక్షేపంగా. 2023లో హాలీవుడ్ నటులు 118 రోజులు సమ్మె చేశారు. వాళ్ల డిమాండ్లలో ఒకటి, తమ ముఖాన్ని ఇలా వాడుకోవాలంటే తమను అడగాలి, డబ్బివ్వాలి అని. మనది చర్లపల్లి షెడ్డు. అక్కడికి వార్త చేరేలోపు వంద ఎపిసోడ్లు అయిపోతాయి.

ప్రశ్న: అందరూ ఉన్నప్పుడే చివరి ఎపిసోడ్ తీసి పెట్టుకుంటే మంచిదా?

జవాబు: ‘బాబిలాన్ 5’ అలాగే చేసింది. నాలుగో సీజన్‌తో ఆగిపోతుందేమోనని ముగింపు తీసి ఉంచారు. ఐదో సీజన్ ఖాయమయ్యేసరికి దాన్ని 1998 దాకా అట్టే పెట్టారు. ఈలోగా ఇవనోవా పాత్ర వేసిన క్లాడియా క్రిస్టియన్ వెళ్లిపోయింది. ఐదో సీజన్ అంతా లేని మనిషి ఆఖరి ఎపిసోడ్‌లో వచ్చి నిలబడితే చూసేవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కానీ మన సీరియల్‌కు ముగింపు తీస్తే ఎప్పుడో ఒకప్పుడు ముగించాల్సి వస్తుంది. వద్దు.

ప్రశ్న: నటులు వెళ్లిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: నెలనెలా పేమెంట్ ఇవ్వడం, కాల్‌షీటు అయిపోయాక ఇంటికి పంపడం, జ్వరమొస్తే సెలవివ్వడం వంటి మూఢనమ్మకాలు కొన్ని ప్రచారంలో ఉన్నాయి. ఈ వ్యాసం పరిధిలోకి రావు.

ప్రశ్న: మీ చిట్కాలు పాటించి ఎవరైనా సీరియల్ తీశారా?

జవాబు: భలేవారే. ఏ రోజైనా సాయంత్రం ఆరున్నరకు టీవీ పెట్టి, నాలుగు ఛానెళ్లు తిప్పండి. నా శిష్యులు కానివాళ్లు ఎక్కడైనా కనిపిస్తే, ఆ ఛానెల్ నంబరు మా వీధి అత్తమ్మకు చెప్పండి. ఆమె చాన్నాళ్లుగా వెతుకుతోంది.